కాల్ రాకముందే

ఫైర్ డిపార్ట్‌మెంటులో రిటైరైనవాడికి ఊళ్లో మొట్టమొదట దొరికే ఉద్యోగం గేటు దగ్గర కుర్చీ. ఏలూరులో అపార్టుమెంటు వాళ్లయినా, తాడేపల్లిగూడెంలో కల్యాణమండపం వాళ్లయినా, "ఖాళీగానే ఉంటున్నారు కదండీ బాబాయిగారూ, మా దగ్గరికొచ్చి కూర్చోండి, మీకూ కాలక్షేపం" అని ఆప్యాయంగానే పిలుస్తారు. పన్నెండు గంటల డ్యూటీ, వచ్చేపోయేవాళ్ల పేర్లు పుస్తకంలో రాయడం, తెల్లారగట్ల నీళ్ల మోటారు వేయడం. కష్టపడి చేసుకునే పనే, ఆ పని మీద బతికేవాళ్లంటే నాకు గౌరవం. కానీ మంటల్లోకి, పొగలోకి, వరద కాలవల్లోకి దిగి ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య ఆ కుర్చీలో ఎవరికీ పనికిరాదు. నా బాధంతా అక్కడే.

మన రాష్ట్రంలో 2022 జనవరి నుంచి పదవీ విరమణ వయసు 62 అయింది. ఆ వయసులో బయటికొచ్చినవాడు నిచ్చెనెక్కి హోస్ పట్టలేడు. మోకాళ్లు ఒప్పుకోవు, పొగ పీల్చిన ఊపిరితిత్తులూ ఒప్పుకోవు. చూపు మాత్రం పోదు. పెళ్లికెళ్లినా, సినిమాకెళ్లినా, ఆసుపత్రిలో చుట్టాన్ని చూడబోయినా, మేం ముందు చూసేది బయటికి పోయే దారి ఎటుందని, దానికి తాళం వేసుందా అని. వయసైపోయాక మా దగ్గర మిగిలే సరుకు ఆ చూపే. పూటకింతని దానికి కూలి అడిగే హక్కు మాకుందని నా నమ్మకం.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ మేం వెళ్లింది కాల్ వచ్చాకే. గంట మోగాలి, బండి కదలాలి. అప్పటికే ఏదో ఒకటి కాలిపోయి ఉంటుంది. వెనకటి రోజుల్లో కొల్లేటి లంకల్లో ఎండాకాలం మధ్యాహ్నం తాటాకు ఇల్లొకటి అంటుకుంటే గాలికి వరసంతా పోయేది. గట్టు ఇరుకు, ఫైరింజను లోపలికి పోదు. చిన్న పంపును నలుగురం మోసుకెళ్లి కాలవలో దింపి, ఒకపక్క నీళ్లు కొడుతూ, ఇంకోపక్క ఇంకా అంటుకోని ఇంటి కప్పు పీకించేవాళ్లం. ఆ ఇంటామె మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే. ఆ కప్పు పీకితేనే మిగతా వరస నిలిచేది.

ఇప్పుడు లంకల్లో స్లాబు ఇళ్లు వచ్చాయి. ప్రమాదం వేరేచోటికి మారింది. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో రసాయనాల ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి ఆరుగురు చనిపోయారు. కొత్త ఏలూరు జిల్లా ఏర్పడి అప్పటికి పదిరోజులు కూడా కాలేదు. తెల్లారితే ఏప్రిల్ 14, దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు మొదలయ్యే రోజు. 1944లో అదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయి, ఆర్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది 66 మంది ప్రాణాలు వదిలారు. ఏటా వాళ్లకు దండలు వేస్తాం, కరపత్రాలు పంచుతాం. వారం తిరిగేసరికి ఆ కరపత్రాన్ని ఎవరూ చూడరు. మిగిలిన యాభై ఒక్క వారాలు ఆ జాగ్రత్తలు చెప్పే పని చేయడానికి రిటైరైన మనిషిని మించినవాడు ఎవరున్నారు?

విజయవాడలో 2020 ఆగస్టు 9న కోవిడ్ రోగులను ఉంచిన హోటల్లో మంటలు లేచి పదిమంది పోయిన తర్వాత, ఫైర్ సేఫ్టీ మనిషి కావాలని మాలాంటివాళ్లను అడిగేవాళ్లు కనబడసాగారు. ఇందులో రెండు రకాలుంటాయి. కొందరికి మనిషి కావాలి, కొందరికి మనిషి సంతకం కావాలి. ఒకచోట నన్ను ఏడాదికోసారి వచ్చి మంటలార్పే సిలిండర్ పక్కన నిలబడి ఫొటో దిగమన్నారు, నెలనెలా డబ్బులిస్తామన్నారు. మెట్ల కింద ఆక్సిజన్ సిలిండర్లు, వాటి పక్కనే పాత పరుపులు పడేసి ఉన్నాయి. ముందు అవి తీయించండి, తర్వాత ఫొటో సంగతి చూద్దాం అన్నాను. మళ్లీ పిలవలేదు. మా వాళ్లెవరైనా అలాంటి పనికి ఒప్పుకుంటే నేను ఊరుకోను, గట్టిగానే చెబుతాను. కుంభకోణంలో 2004 జులై 16న ఒక బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. ఆ లెక్క తెలిసినవాడు ఏ బడి గోడ మీదా ఉత్త సంతకం పెట్టకూడదు.

మనిషే కావాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఆకివీడు వైపు ఒక ఐసు ఫ్యాక్టరీ యజమాని వారానికి రెండు పూటలు రమ్మన్నాడు. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల చేప ఐసులో పడుకునే బెంగాలు, అస్సాం దాకా వెళుతుంది, ఆ ఐసు గడ్డకట్టేది అమోనియాతో. అక్కడ నేను ఏం చేస్తానంటే, ముందు సిలిండర్లు చూస్తాను. పౌడరు సిలిండర్‌కి ముల్లు పచ్చగీతలో ఉంటే సరిపోయిందనుకుంటారు. సరిపోదు. ఏడాదంతా ఒకేచోట నిలబెడితే లోపల పౌడరు అడుగున గట్టిపడుతుంది, తలకిందులు చేసి కుదపాలి, చేతికి కదలిక తెలియాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కైతే ముల్లే ఉండదు, కాటా మీద పెట్టి తూచి, దాని మీద చెక్కిన బరువుతో సరిచూడాలి. ఆ ఫ్యాక్టరీలో ఐసు తూచే కాటా మీదే తూచాం. రెండు సిలిండర్లు తేలిగ్గా వచ్చాయి. యజమాని ముఖం పాలిపోయింది, ఆ సాయంత్రమే గ్యాసు నింపించడానికి పంపాడు.

తర్వాత కూలీలను కూర్చోబెట్టి అమోనియా సంగతి చెప్పాను. వాసన రాగానే గేటు వైపు పరిగెత్తడం కాదు, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని గ్యాసుకు అడ్డంగా తప్పుకుని గాలికి ఎదురు వైపు చేరాలి. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోవాలి, అమోనియా నీళ్లలో కరుగుతుంది కాబట్టి కొంత ఆగుతుంది. గాలి వాటం తెలియడానికి కప్పు మీద ఒక పాత చీర ముక్క కట్టించాను. "ఇన్నేళ్లుగా పనిచేస్తున్నామండీ, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు" అంది మూటలు మోసే ఒకామె.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. నాకు పాత పెన్షన్ వస్తుంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లు సీపీఎస్ అనే కంట్రిబ్యూటరీ పెన్షన్‌లో ఉన్నారు. 108 అంబులెన్సుల్లో ప్రథమ చికిత్స చేసే ఈఎంటీలకు, వాటిని నడిపే పైలట్లకు ఆ మాత్రం కూడా లేదు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ఆ సర్వీసు మొదలయ్యేదాకా, చాలాచోట్ల ప్రమాదంలో పడ్డవాణ్ని ముందు ముట్టుకున్న చేతులు మావే. ఆ తర్వాత ఆ భారంలో పెద్దపాలు ఎత్తుకున్నది వాళ్లు. నడి వయసులో నడుం పడిపోయి బండి దిగిన ఈఎంటీ ఎక్కడికి పోవాలి? అందుకే నేను వెళ్లేచోటికల్లా ఒక్కణ్నే వెళ్లను, అలాంటి ఈఎంటీ ఒకతన్ని వెంటబెట్టుకెళతాను. మంట వరకు నేను చెబుతాను, ప్రాణం వరకు అతను చెబుతాడు. వచ్చినదాంట్లో సగం సగం. తాడేపల్లిగూడెంలో ఉల్లి గోదాముల వాళ్లూ, రైసు మిల్లుల వాళ్లూ నలుగురు కలిసి నెలకింతని వేసుకుంటే ఇలాంటి జంట ఒకటి హాయిగా బతుకుతుంది. గోదాముల్లో గోనెసంచుల మధ్య వేలాడే వైర్లు చూసినప్పుడల్లా నాకు ఈ ఆలోచనే వస్తుంది.

డబ్బు రాకపోయినా వదలని పని ఒకటుంది. కొల్లేటి పిల్లలకు నీళ్లు ఆటస్థలం. దోనె మీంచి జారేవాడొకడు, చేపల చెరువు గట్టు మీద తడికాళ్లతో ఏరియేటర్ వైరు ముట్టుకునేవాడొకడు. మునిగినవాణ్ని బయటికి తీయగానే పెద్దవాళ్లు చేసేది భుజాన తలకిందులుగా వేసుకుని తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం. ఆ తిప్పడంలోనే విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేదంటే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి రెండుసార్లు ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో గట్టిగా, త్వరగా ముప్ఫై నొక్కులు, మళ్లీ రెండు ఊపిర్లు. 108 వచ్చేదాకా ఆపకూడదు. ఈత రానివాడు దూకకూడదు, ఖాళీ నూనె డబ్బాకి తాడు కట్టి విసరాలి. కరెంటు పట్టుకున్నవాణ్ని చేత్తో లాగకూడదు, ముందు స్విచ్చి కట్టేయాలి.

ఒక లంక బడిలో ఇది చెబుతుంటే ఏడో తరగతి పిల్ల లేచి, "మా తమ్ముడు చిన్నోడు తాతగారూ, అంత గట్టిగా నొక్కితే ఎముకలు విరగవా?" అని అడిగింది. ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు. మరీ చిన్నపిల్లలకైతే ఒక అరచెయ్యి చాలమ్మా అని ఆ పిల్ల చేత్తోనే మేం తెచ్చిన శిక్షణ బొమ్మ మీద చేయించాను. మిగతావాళ్లు ఆ పిల్ల చుట్టూ మూగారు.

గుడివాకలంకైనా, ప్రత్తికోళ్లలంకైనా, కొల్లేటికోటైనా, ఏ హెడ్మాస్టరుగారు కబురుచేసినా శనివారం పూట వస్తాం. బొమ్మ మేమే తెచ్చుకుంటాం. బడివాళ్లు చేయాల్సింది రెండే: పిల్లలతోపాటు మధ్యాహ్న భోజనం వండే ఆమెను, చేపల చెరువుల కాపలావాళ్లను కూడా కూర్చోబెట్టడం, ఒక పొడవాటి తాడు, ఖాళీ డబ్బా సిద్ధంగా ఉంచడం. మేం వెళ్లిపోయాక ఆ తాడు బడిలో కాదు, రేవు దగ్గరే ఉండాలి.