15వ అధికరణంలో లేని మాట

రాయ్‌పూర్‌లో మా తెలుగువాళ్ల ఇళ్లలో నన్ను "చామనఛాయ" అంటారు. వెంటనే "నలుపు నారాయణ మెచ్చు" అని ఓదారుస్తారు. ఓదార్చాల్సి వచ్చిందంటే నలుపును లోపంగా చూసినట్టే.

రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ప్రదేశం కారణంగా వివక్ష కూడదంటుంది. అందులో రంగు లేదు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో ఉంది.

2023 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ముందుకు ఒక విడాకుల కేసు వచ్చింది. నల్లగా ఉన్నానని భర్త అవమానించేవాడని భార్య చెప్పింది. కోర్టు భర్త అప్పీలు కొట్టేసి, రంగు వివక్ష పోవాలంది. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రచారాన్నీ తప్పుపట్టింది.

రంగు అనే మాట చేర్చినా 15వ అధికరణం పెళ్లిచూపుల గదిలోకి రాదు. అక్కడ "పిల్ల రంగు తక్కువ" అన్నవాళ్లకు ఎదురు చెప్పాల్సింది ఇంటివాళ్లే.