మాజీ సర్పంచ్ గారింట్లో సివరపల్లి

మా మామయ్య పొద్దున ఎనిమిదింటికల్లా తయారైపోతారు. తెల్ల అంగీ, తెల్ల ధోతి, భుజాన తువ్వాల, జేబులో పెన్ను. తయారై వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఎవరూ రారు. పాలబ్బాయి వస్తాడు, కరెంటు బిల్లతను నెలకోసారి వస్తాడు. వాళ్లనే కూర్చోబెట్టి ఊరి ముచ్చట్లు అడుగుతారు.

పెళ్లయి నేను ఆ ఊరికి పోయిన కొత్తలో ఇలా ఉండేది కాదు. బెల్లంపల్లి నుంచి ఆటోలో అరగంట దూరం ఊరు. మామయ్య రెండుసార్లు సర్పంచ్. పొద్దున లేచేసరికి అరుగు నిండా మనుషులు. పింఛను రాలేదని ఒకరు, బోరు ఎండిందని ఒకరు, అన్నదమ్ముల గెట్టు పంచాయితీ అని ఇంకొకరు. చాయ్ గంజు పొయ్యి మీద నుంచి దిగేది కాదు. అత్తమ్మా నేనూ చాయ్ పోసి పోసి, తొమ్మిదింటికి గానీ మేం తాగకపోయేది.

ఇప్పుడు మావాళ్లిద్దరూ బెల్లంపల్లిలో మా దగ్గరే ఉంటున్నారు. మా ఆయన సింగరేణిలో. రెండో షిఫ్టు ఉన్న వారం రాత్రి ఇంటికొచ్చేసరికి పదకొండు దాటుతుంది. ఆ వారాల్లో రాత్రిళ్లు మాకు టీవీయే దిక్కు. పోయినేడు జనవరి చివర్లో మా పెద్దోడు సెలవులకొచ్చి, "తాతా, సర్పంచుల మీద సిరీస్ వచ్చింది, చూద్దాం పా" అని ప్రైమ్‌లో 'సివరపల్లి' పెట్టాడు.

మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంజినీరింగ్ చదివిన పిల్లగాడు ఇంకే దారీ దొరక్క పంచాయతీ కార్యదర్శిగా పల్లెకొస్తాడు. రాగ్ మయూర్ వేశాడు. సర్పంచ్‌గా గెలిచింది ఆడమనిషి. పెత్తనమంతా భర్తది. ఆ ఇద్దరూ మనకు తెలిసినవాళ్లే. మురళీధర్ గౌడ్, రూపలక్ష్మి. 'బలగం'లో నల్లిబొక్క కోసం అలిగిన అల్లుడూ, ఆయన భార్యా వీళ్లే కదా! అత్తమ్మ చూడంగానే గుర్తుపట్టింది. "ఓ బిడ్డా, నల్లిబొక్కాయన సర్పంచ్ అయిండే" అని ఒకటే నవ్వు.

మామయ్య కూడా మొదట్లో బాగా నవ్వారు. ఆఫీసు తాళం చెవి దగ్గర, మీటింగుల దగ్గర, "అరే, అచ్చం గిట్లనే ఉంటది" అంటూ తొడ చరుచుకున్నారు. రెండో భాగం అయ్యేసరికి నవ్వు తగ్గింది. మూడో దానికి లేచి, "గివన్నీ సినిమా కథలు, గట్ల ఎవలు జేస్తరు" అని మంచం మీదికి పోయారు. అత్తమ్మ మాత్రం కదల్లేదు. ఎనిమిది భాగాలూ మూడు రాత్రుల్లో చూసేసింది.

ఎందుకో మీకు చెప్పాలి. 2013లో మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది. స్థానిక సంస్థల్లో మనకు సగం సీట్లు ఇచ్చిన తర్వాత జరిగిన మొదటి పంచాయతీ ఎన్నికలవి. మామయ్య పోటీ చేసే వీల్లేదు. అత్తమ్మను నిలబెట్టారు. గెలిచింది. ఐదేళ్లు మా అత్తమ్మ సర్పంచ్. ఊళ్లో మాత్రం "సర్పంచ్ సాబ్ ఉన్నడా" అనే అడిగేవాళ్లు. మామయ్య బయటికొచ్చేవారు. అత్తమ్మ చాయ్ పెట్టేది. కాగితాలు వంటింట్లోకి వచ్చేవి. పిండి చేతులు కడుక్కుని, మామయ్య చూపించిన చోట సంతకం పెట్టేది.

సివరపల్లికి మూలం హిందీలో 2020లో వచ్చిన 'పంచాయత్'. అత్తమ్మకు అదీ చూడాలనిపించింది. బజారు హిందీ ఆవిడకు బాగానే వచ్చు, ఎక్కడైనా ఆగితే పెద్దోడు చెప్పాడు. అందులో చక్రాల కుర్చీ గొడవ ఒకటుంది. కార్యదర్శి ఆఫీసుకు కొత్త కుర్చీ కొనుక్కుంటే, తన కుర్చీ కంటే అది గొప్పగా ఉందని ప్రధాన్ మొగుడికి కడుపు మంట. అందరం నవ్వాం. నవ్వు ఆగినంక అత్తమ్మ అన్నది: "నేను ఐదేండ్లల్ల ఒక్కనాడు గూడ ఆ కుర్చీల కూసోలే."

కోపం లేదు ఆ మాటలో. పప్పులో ఉప్పు మర్చిపోయిన అన్నట్టు అన్నది. లోపల మంచం కిర్రుమన్నది. మామయ్య నిద్రపోలేదని అప్పుడర్థమైంది.

ఆ మొదటి సీజన్ చివర్లో గణతంత్ర దినం వస్తుంది. ప్రధాన్ ఎవరో ఆమే జెండా ఎగరేయాలని కలెక్టరమ్మ పట్టుబడుతుంది. నీనా గుప్తా జనగణమన నేర్చుకోవడానికి తిప్పలు పడుతుంది. అత్తమ్మ ఆ భాగం చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను.

తర్వాత తెలిసింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చిన రోజు అత్తమ్మ కొత్త చీర కట్టుకుని ఆఫీసు దాకా పోయిందట. జెండా తాడు మామయ్య చేతిలో ఉందట. "ఆయనకు అలవాటు గద, మర్చిపోయిండు" అన్నది. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను, చిన్నోణ్ణి చంకనేసుకుని. మిఠాయి పంచడమే గుర్తుంది నాకు. తాడు ఎవరు లాగారో చూడనే లేదు.

అంతటితో ఆగితే ఇది మామయ్య మీద ఫిర్యాదు అయ్యేది. కానీ మొన్న బీరువా సర్దుతుంటే మా గృహప్రవేశం కార్డు దొరికింది. 2016ది. అప్పటికి సర్పంచ్ అత్తమ్మ. కార్డు మీద మామయ్య పేరు, పక్కన 'మాజీ సర్పంచ్'. అత్తమ్మ పేరు పక్కన ఏమీ లేదు. ఆ కార్డు రాసింది నేను. తెలుగు బీఏ చదివానని ఇంట్లో రాతపనులన్నీ నాకే అప్పగిస్తారు. ప్రెస్సువాళ్లు 'ఆహ్వానం'లో వత్తు ఎగరగొడితే పోట్లాడి దిద్దించాను. వత్తు కనిపించింది గానీ, సర్పంచ్ కనిపించలేదు నాకు.

అత్తమ్మకు కార్డు చూపించి, "నాదే తప్పు అత్తమ్మా" అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివింది. "మంచిగ కొట్టించినవ్ బిడ్డా, అక్షరాలు ముత్యాల తీరుగున్నయ్" అని తిరిగి నా చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది.

డిసెంబరులో మళ్లీ పంచాయతీ ఎన్నికలొచ్చాయి కదా. మా ఊరి నుంచి ఒక పిల్ల వచ్చింది, ఈసారి సర్పంచ్‌గా నిలబడుతోందట. వెంట మొగుడు, మరిది. మామయ్య ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్లకో ఆ కుర్చీ ముందు మనుషులు! మొగుడే మాట్లాడుతున్నాడు, మామయ్య సలహాలు చెప్తున్నారు. పిల్ల గడప దగ్గర నిలబడి వింటోంది. నేను చాయ్ తెచ్చాను. మామయ్య కప్పు అందుకోబోయి ఆగారు. వంటింటి వైపు చూశారు.

"ఏమే, ఓసారి బయటికి రా" అని పిలిచారు. "నేనే గాదు, ఈమె గూడ సర్పంచే. ఆడామెకు ఏమేం తిప్పలుంటయో ఈమెకే ఎరుక. అడుగుండ్రి."

అత్తమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. మగవాళ్ల వైపు చూడలేదు. ఆ పిల్ల పక్కన గడప మీద కూర్చుని ఒక్క మాట చెప్పింది.

"చదవకుండ సంతకం పెట్టకు బిడ్డా. నీకు చదవనీకి రాకుంటే ఎవలతోనన్న చదివించుకో. నేను మస్తు పెట్టిన. ఏం పెట్టిన్నో ఇప్పటికీ ఎరుకలేదు."

మామయ్య చాయ్ చల్లారిపోయింది. ఆయన తాగలేదు, ఇంకోటి పెట్టమని కూడా అనలేదు.

గృహప్రవేశం కార్డు నా దగ్గరే ఉంది. ఈ వేసవిలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. కార్డు రాసేది మళ్లీ నేనే.