మెతుకు పేరున్న ఊరు మెదక్

ఈ సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామా అని ఆలోచిస్తున్నారా? హైదరాబాదుకి వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది మెదక్. బస్సులు సరేసరి, 2022 నుంచి కాచిగూడ రైలు కూడా ఉంది.

మెదక్ అసలు పేరు మెతుకు దుర్గం అంటారు. మెతుకంటే మనం రోజూ వండి వార్చే అన్నం మెతుకే! కాకతీయులు కట్టిన కొండకోట ఇప్పటికీ ఊరికి కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. కుతుబ్‌షాహీల నాటి మసీదు, ధాన్యపు కొట్లు పైన ఉన్నాయి. మెట్లెక్కాలి కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్నవారు కిందే ఆగినా ఏం నష్టం లేదు.

చర్చి మాత్రం తప్పకుండా చూడాలి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టిస్తే, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. అవి కరువు రోజులు. ఊరికే పెడితే తినడానికి అభిమానం అడ్డొస్తుందేమో, పని చూపించి అన్నం పెట్టారు. అలా ఎందరి పొయ్యిలో పిల్లి లేచిందో! మా ఇంట్లో కంచంలో ఒక్క మెతుకు వదిలినా మా అత్తగారు ఊరుకోరు. ఈ సంగతి విన్నాక ఆవిడ ఆ రాతి స్తంభాన్ని చేత్తో తడిమి చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. రంగుటద్దాల కిటికీల్లో ఏసు కథ ఎండ వెలుగులోనే కనిపిస్తుంది, చీకటి పడితే ఏమీ కనబడదు. అందుకని సాయంత్రం దాకా వాయిదా వెయ్యకండి.

మధ్యాహ్నం భోజనాలకి పోచారం చెరువు బావుంటుంది, పదిహేను కిలోమీటర్లు. నిజాం కాలంలో, 1922 నాటికి కట్ట పూర్తయింది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటాడే చోటు. 1952లో అభయారణ్యం చేశారు. చుక్కల జింకలు, మనుబోతులు ఉన్నాయి. చలికాలంలో తలమీద నల్లచారలున్న బాతులు హిమాలయాలు దాటి వస్తాయి. వాన బాగా పడ్డ ఏడు అలుగు పారుతుంటే చూసి తీరాలి. ఆ నీళ్ళలోకి మాత్రం పిల్లల్ని దిగనివ్వకండి, నాచుకి కాలు జారుతుంది.

పులిహోర, దద్దోజనం కట్టుకెళితే చాలు. స్టీలు డబ్బాల్లోనే తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లు పడేస్తే జింకలు తినేస్తాయి. ఇంకా పొద్దుంటే, మంజీర ఏడు పాయలుగా చీలే చోట ఏడుపాయల దుర్గమ్మని దర్శించుకుని ఇంటిదారి పట్టొచ్చు.