కేన్ హిల్ లాకుల వెంట

ఇంగ్లండ్‌లో డిసెంబరు వచ్చిందంటే పగలు దాదాపు ఎనిమిది గంటలే. సాయంత్రం నాలుగింటికే దీపాలు వెలిగించుకోవాలి. మనవాళ్ల ఇళ్లలో శని, ఆదివారాలు హీటరు పక్కనే గడిచిపోతుంటాయి. అలా ముడుచుకుపోకూడదనే మా స్నేహితుల కుటుంబాలన్నీ కలిసి చలికాలంలోనే పల్లెదారులు పడతాం. కాలువ గట్లంటే మాకు మరీ ఇష్టం. దారి తప్పే భయం ఉండదు, పిల్లలూ పెద్దలూ కలిసి నడవొచ్చు. ఆకులు రాలిన కాలం కాబట్టి, వేసవిలో పొదల చాటున ఉండిపోయే పొలాలూ చర్చి శిఖరాలూ చక్కగా కనిపిస్తాయి.

ఈసారి విల్ట్‌షర్‌లోని కెన్నెట్ అండ్ ఏవన్ కాలువకు వెళ్లాం. రెడింగ్ నుంచి బ్రిస్టల్ దాకా 87 మైళ్ల జలమార్గమిది. కొంత నది, కొంత తవ్విన కాలువ. డివైజెస్ అనే చిన్న పట్నం దగ్గర గుట్ట అడ్డొస్తే, ఇంజనీరు జాన్ రెన్నీ రెండు మైళ్ల దూరంలో 29 లాకులు, అంటే గేట్లున్న నీటి గదులు, పెట్టి పడవలను 237 అడుగుల ఎత్తుకు ఎక్కించాడు. 1810లో ఆ పని పూర్తయింది. వాటిలో 16 లాకులు కేన్ హిల్ అనే గుట్ట మీద ఒకే వరుసలో ఉన్నాయి. కింద నిలబడి తలెత్తి చూస్తే గేట్ల నల్లటి దూలాలు, వాటి తెల్లరంగు కొసలు గుట్ట పైదాకా బారులు తీరి కనిపిస్తాయి. లాకుకీ లాకుకీ మధ్య చోటు చాలక, నీటి నిల్వ కోసం పక్కనే చెరువులు తవ్వారు. ఇప్పుడు వాటి అంచున ఎండిన రెల్లు, అందులో కదలకుండా నిలబడ్డ కొంగ. గట్టు మీద గడ్డి మంచుకు తెల్లబారి బూట్ల కింద కరకరలాడింది.

"అన్నా, గింత గుట్ట పడవ ఎట్లెక్కుతది?" అన్నాడు మాతో వచ్చిన నల్గొండ తమ్ముడు.

"చూస్తూ ఉండు తమ్ముడూ, మా కోనసీమ లాకులూ ఇలాగే పనిచేసేవి" అంది మా అమలాపురం అక్కయ్య.

అదృష్టం కొద్దీ ఒక పడవ వచ్చింది. అందులో ఒక ముసలి జంట. పడవ లాకులోకి రాగానే ఆవిడ వెనక గేట్లు మూసి, ఇనుప పిడితో పైతూము తిప్పింది. నీళ్లు సుడులు తిరుగుతూ లోపలికి వచ్చాయి. పడవ మెల్లగా లేచి, దాదాపు ఎనిమిది అడుగులు పైకి వచ్చింది. రెండు వైపులా నీటిమట్టం సమానమయ్యాకే పైగేటు కదులుతుంది. నల్గొండ తమ్ముడు ఆవిడనడిగి ఆ దూలానికి వీపు ఆనించాడు. కాలు జారకుండా నేలలోంచి పొడుచుకొచ్చేలా పేర్చిన ఇటుకలున్నాయి. వాటి మీద పాదం తన్నిపెట్టి తోస్తే, అంత బరువైన గేటు నెమ్మదిగా తెరుచుకుంది. మోటారు లేదు, కరెంటు లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పైకి చేరాక పులిహోర పొట్లాలు విప్పి, ఫ్లాస్కులోని అల్లం టీ పంచుకుంటూ ఈ కాలువ కథ చెప్పుకున్నాం. రైలు రాగానే దీని వ్యాపారం పడిపోయింది. 1852లో రైల్వే కంపెనీయే దీన్ని కొనేసింది. 1950ల నాటికి లాకులు పాడుబడి, పడవలు ఆగిపోయాయి. పూర్తిగా మూసేద్దామనుకుంటే జనం ఒప్పుకోలేదు. 1956లో వేలమంది సంతకాలతో రాణికి విన్నపం పంపారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మామూలు మనుషులు సెలవురోజుల్లో వచ్చి పూడిక తీశారు, ఇటుకలు పేర్చారు, చందాలు పోగుచేశారు. చివరికి 1990లో రెండవ ఎలిజబెత్ రాణి ఈ కాలువను తిరిగి ప్రారంభించింది.

అది వింటున్న అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తన గోదావరి కాలువలు గుర్తొచ్చాయి. అక్కడి ధవళేశ్వరం ఆనకట్ట కూడా 1852లోనే పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజనీరు కాటన్ దొర డెల్టా కాలువలను సాగుకే కాదు, పడవల రాకపోకలకూ పనికొచ్చేలా తీర్చాడు. రైళ్ల కన్నా జలమార్గాలే భారతదేశానికి మేలని చివరిదాకా వాదించాడు. రోడ్లు పెరిగాక అక్కడా పడవలు పోయాయి. గోదావరి కాలువల్లో నీళ్లు నేటికీ పొలాలను తడుపుతున్నాయి గానీ, చాలా ఊళ్ల దగ్గర గట్లు చెత్తకుప్పలయ్యాయి. లాకులు తుప్పుపట్టాయి.

కాలువకు పని పోయినంత మాత్రాన ప్రాణం పోనక్కర్లేదని కేన్ హిల్ రుజువు చేసింది. దాన్ని నిలబెట్టింది ముందుగా ప్రభుత్వం కాదు, ఆ గట్టు మీద నడిచి, దాన్ని తమదనుకున్న జనం. నడవని గట్టు మీద ఎవరికీ మమకారం పుట్టదు. అందుకే నా మనవి ఒక్కటే: ఈ సంక్రాంతికి ఊరెళ్తే పిల్లల్ని వెంటబెట్టుకుని మీ కాలువ గట్టున ఒక పూట నడవండి. లాకు దగ్గర ఆగి, పడవ ఎలా ఎక్కేదో వాళ్లకు చెప్పండి. గట్టు మీద చెత్త కనిపిస్తే ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడండి. బాగుచేయడం అక్కడే మొదలవుతుంది.