రామతీర్థం జాతరలో డ్రాగన్ రైలు: శివరాత్రి ముందురోజు

లారీల మీద ఊరూరా తిరిగే చిన్న రోలర్ కోస్టర్‌ను జాతరల్లో డ్రాగన్ రైలు అంటారు. ముందు పెట్టెకు నోరు తెరిచిన తల, చివరి పెట్టెకు తోక, మధ్యలో నాలుగైదు పెట్టెలు ఉంటాయి. కోలగా చుట్టి వచ్చే ఇనుప గొట్టాల పట్టా మీద ఒకటో రెండో మిట్టలు ఉంటాయి. విజయనగరానికి పన్నెండు కిలోమీటర్ల దూరాన, నెల్లిమర్ల మండలం రామతీర్థంలో మహాశివరాత్రికి జరిగే జాతర ఇలాంటి యంత్రాలకు ఒక మజిలీ. క్షేత్రం రాముడిది, జాతర శివుడిది. రామాలయం పక్కనే శివాలయం కూడా ఉండటంతో ఇది ఎవరికీ వింతగా తోచదు. బోడికొండ మీది కోదండరాముణ్ణి చూసి దిగిన జనం సాయంత్రానికి కొండ కింద దుకాణాల మధ్యకు చేరతారు. చెరుకు గడలు, ఖర్జూరం, గాజులు, పిల్లల బూరలు దాటాక జెయింట్ వీల్, కొలంబస్ ఓడ, రంగులరాట్నం వస్తాయి. కేకలు ఎక్కువగా వినిపించేది డ్రాగన్ రైలు దగ్గరే.

జనానికి శివరాత్రి నాడు మొదలయ్యే జాతర యంత్రాల వారికి అంతకు ముందే మొదలవుతుంది. వారి లెక్కలో అసలు రోజు శివరాత్రి ముందురోజు. బిగింపు పూర్తయి, టిక్కెట్లు ఇంకా చింపని ఆ మధ్యాహ్నాన్ని వారు ట్రయల్ అంటారు. పెద్ద పార్కుల్లో కొత్త యంత్రం తెరిచే ముందు పిలిచినవారిని ఎక్కించి చూపే రోజు లాంటిదే ఇదీ. కాకపోతే ఇక్కడ పిలుపులు ఉండవు, ఫొటోలవారు రారు. గట్టు మీద కూర్చుని పొద్దున్నుంచి చూస్తున్న ఊరి గుంటలకే ఉచిత టిక్కెట్టు.

యంత్రం నిలబడేది కాంక్రీటు మీద కాదు, కోత అయిన మడి మీద. ఫిబ్రవరి నాటికి వరి మోడులు ఎండి నేల గట్టిగా కనిపిస్తుంది. చెరువు దగ్గరి మడుల్లో మాత్రం పైపెచ్చు కింద తడి ఉంటుంది. పట్టాను మోసే కాళ్లన్నీ ఒకే ఎత్తున ఉండాలి గనుక ఒక్కో కాలి కింద పాత రైలు స్లీపర్ ముక్కలు, చెక్క దిమ్మలు పేర్చి, పైన రసమట్టం పెట్టి చూస్తారు. బుడగ మధ్యకు వచ్చేదాకా పలచని చెక్కలు జొనుపుతారు. ఇక్కడితో పని అయిపోయిందనుకునేవాడు కొత్త ఫిట్టర్. అనుభవం ఉన్నవాడు రాత్రంతా యంత్రాన్ని అలాగే వదిలేసి, పొద్దున్నే మళ్లీ మట్టం చూస్తాడు. టన్నుల బరువు కింద, మంచుకు నానిన మట్టిలో, ఒక కాలు రాత్రికి రాత్రే కొంచెం దిగి ఉండవచ్చు. ఆ కొంచెమే పైన పట్టా అతుకులో ఎగుడుదిగుడై, రైలు ప్రతి చుట్టులోనూ అక్కడ టకీమని కొడుతుంది. పెద్ద ఫిట్టర్ ఈ చప్పుడును చెవితో పడతాడు. రైలు తిరుగుతున్నంతసేపూ అతను రైలును చూడడు, తల వంచుకుని పట్టా వెంట నడుస్తూ వింటాడు.

పట్టా ముక్కలుగా వస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య అంచులు కలిపి బోల్టులు వేస్తారు, పానాతో బిగిస్తారు. కాళ్లకూ పెట్టెల కొక్కేలకూ మాత్రం బోల్టు చాలదు. కుదుపు తగిలే ప్రతిచోటా నట్టు కొద్దికొద్దిగా వదులవుతుంది. అందుకే బోల్టు చివర చిన్న రంధ్రం చేసి, అందులో రెండు కాళ్ల పిన్ను దూర్చి, కాళ్లు విడదీసి వంచుతారు. నట్టు వదులైనా ఊడి కింద పడకుండా పట్టేది ఆ పిన్నే. టీ ఖరీదు చేయని ఈ తీగముక్క గురించే బిగింపు దగ్గర ఎక్కువ తిట్లు వినిపిస్తాయి. "బోల్టేసీసేవు, బాగుంది. పిన్నేదిరా?" అని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్ద ఫిట్టర్ గద్దిస్తే, కుర్రాడు జేబులు తడుముకుంటాడు. ఆ గద్దింపు చాదస్తం కాదు. 2018 మే నెలలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ట్రాలీ ఊడి పడి పదేళ్ల పాప చనిపోయింది. వదులైన బోల్టే కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి.

డ్రాగన్ రైలు చక్రాలు మూడు రకాలు. పైవి బరువు మోస్తాయి. పక్కవి మలుపులో రైలును పట్టా మీద నిలుపుతాయి. గొట్టం అడుగున తిరిగేవి మిట్ట మీద పెట్టె పైకి లేచిపోకుండా పట్టి ఉంచుతాయి. ఈ అడుగు చక్రం లేనంతకాలం రోలర్ కోస్టర్ నెమ్మదిగా పోయే బండే. 1884లో అమెరికాలోని కోనీ ఐలండ్‌లో థామ్సన్ నడిపిన తొలి బండి గంటకు పది కిలోమీటర్లకు మించి పోయేది కాదు. ఎక్కినవారు ఒక చివర దిగితే, తిరుగు ప్రయాణానికి బండిని మళ్లీ మిట్ట మీదికి చేర్చాల్సి వచ్చేది. జాన్ మిల్లర్ 1919లో అడుగు చక్రానికి పేటెంట్ తీసుకున్నాకే నిటారు దిగుళ్లు, బిగువైన మలుపులు సాధ్యమయ్యాయి. రామతీర్థం మడిలో గ్రీజు పూసుకుని కనిపించే చక్రం ఆ మిల్లర్ ఆలోచనే. పెద్ద కోస్టర్‌కూ దీనికీ తేడా శక్తిలో ఉంది. పెద్ద కోస్టర్‌ను గొలుసుతో ఎత్తైన మిట్ట ఎక్కించి వదిలేస్తారు, అక్కడి నుంచి భూమ్యాకర్షణే నడుపుతుంది. అంత ఎత్తును లారీలో తీసుకురాలేరు కాబట్టి డ్రాగన్ రైలుకు మోటార్లు పెట్టారు. పట్టాల మధ్య పట్టీ నుంచి కార్బన్ బ్రష్‌లు కరెంటు అందుకుంటాయి. వేగం నడిపేవాడి చేతిలోని పిడికి లొంగి ఉంటుంది. జనం "ఇంకా, ఇంకా" అని అరిచినప్పుడు ఆ చెయ్యి ఎటు తిరుగుతుందన్నది అతని స్వభావాన్ని బట్టి ఉంటుంది. తడి నేల మీద ఇంత ఇనుము నిలబెట్టి కరెంటు పారిస్తున్నారు గనుక ఎర్తు కడ్డీ పాతి, దాని చుట్టూ నీళ్లు పోసి ఉంచుతారు. ట్రయల్ నాడు చూడవలసిన వాటిలో ఇదొకటి. చూసేవారు తక్కువ.

ట్రయల్ మొదట ఖాళీ రైలుతో మొదలవుతుంది. నెమ్మదిగా కొన్ని చుట్లు, ఆపి చక్రాలకు చెయ్యి ఆనించి వేడి చూడటం, మళ్లీ చుట్లు. వేడెక్కిన చక్రం బేరింగ్ పోయిందని చెబుతుంది. తర్వాత సీట్లలో ఇసుక మూటలు వేస్తారు. జూట్ మిల్లుకు పేరుపడ్డ నెల్లిమర్ల అంత దగ్గరలో ఉన్నా అవి గోనెసంచులు కావు. సిమెంటు, యూరియా వచ్చిన ప్లాస్టిక్ సంచులే. యాభై కిలోల సిమెంటు పట్టే సంచిలో ఇసుక అంతకంటే కాస్త ఎక్కువే తూగుతుంది. సీటుకు మనిషి చొప్పున సంచి వేస్తే లెక్క సుమారుగా సరిపోతుంది. మూటలతో తిరిగాక అన్ని బోల్టులూ మరోసారి బిగించాలి, ఎందుకంటే తొలి బరువుకు అతుకులన్నీ సర్దుకుంటాయి. తొందరలో ఉన్న యజమానులు వదిలేసేది ఈ రెండో బిగింపునే.

ఆ తర్వాత గుంటలు ఎక్కుతారు, వారితో చూడవచ్చినవారూ ఎక్కవచ్చు. ఎక్కితే తెలిసే మొదటి సంగతి, వేగం ఊహించినంత లేదని. రెండో సంగతి, ఆ మాత్రం వేగమే చాలునని. మలుపులో మనిషిని పక్కకు నెట్టే ఒత్తిడి వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. మలుపు వెడల్పు సగమైతే రెట్టింపవుతుంది. మడిలో ఇమిడే పట్టాకు మలుపులు చిన్నవి గనుక తక్కువ వేగానికే భుజం పెట్టె గోడకు అంటుకుపోతుంది. మిట్ట ఎక్కి దిగేటప్పుడు కడుపులో తేలిక, దిగువన ఒళ్లంతా బరువు. పార్కు కోస్టర్‌లో ఇవి ఒకదాని వెనుక ఒకటి కొత్తగా వస్తాయి. ఇక్కడ మూడో చుట్టుకే ఎక్కడ ఏది వస్తుందో ఒంటికి తెలిసిపోతుంది. అయినా భయం తగ్గదు. ఈసారి ఆ అతుకు దగ్గర చప్పుడు వస్తుందా రాదా అని చెవి ఎదురుచూస్తుంది.

ఒడి మీదికి వంచే ఇనుప కడ్డీ ఇద్దరికీ కలిపి ఒక్కటే. లావాటి తండ్రి పొట్ట దగ్గర అది ఆగిపోతే పక్కన కూర్చున్న పిల్లకు జానెడు సందు మిగిలిపోతుంది. మలుపులో ఇద్దరూ బయటి వైపుకే ఒరుగుతారు కాబట్టి బరువైనవారు బయట, పిల్లలు లోపల కూర్చోవాలి. తెలిసిన ఆపరేటర్ ఎక్కించేటప్పుడే "గుంటని లోపలికి జరపమ్మా" అని చెబుతాడు. శివరాత్రి రాత్రి, వరస వందల్లో ఉన్నప్పుడు, ఆ మాట అనే తీరిక ఉండదు. స్థిరమైన పార్కులు ఇలాంటి జాగ్రత్తలను మనిషి గుర్తుకు వదల్లేదు. 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో తెరిచిన వండర్‌లాలో, ముందుకు పోయిన దారినే వెనక్కి తీసుకొచ్చే రీకాయిల్ కోస్టర్‌కు ఎత్తు కొలిచి గాని ఎక్కనివ్వరు. అలాంటి చోట పునాది ఒకటే, పట్టా ఒకటే. రోజూ పొద్దున్న చూసేది నిన్న చూసిన యంత్రాన్నే. డ్రాగన్ రైలు ప్రతి జాతరకూ కొత్త నేల మీద పుడుతుంది. కాగితం మీద మాత్రం రెంటినీ ఒకే రకం యంత్రంగా రాస్తారు.

నియమాలు లేవనడం తప్పు. భారతీయ ప్రమాణాల సంస్థ ఇలాంటి యంత్రాలకు భద్రతా ప్రమాణాలు రాసింది. జాతరలో పెట్టాలంటే పోలీసు, అగ్నిమాపక, విద్యుత్ విభాగాల అనుమతులూ, ఇంజనీరు సంతకంతో ఫిట్‌నెస్ కాగితమూ అడుగుతారు. చిక్కు వేళలో ఉంది. ట్రయల్ మధ్యాహ్నం, కాళ్ల కింద చెక్కలు బయటికి కనిపిస్తున్నప్పుడు, పిన్నులు లెక్కపెట్టగలిగినప్పుడు, అక్కడ సంతకం పెట్టేవారు ఉండరు. పెద్ద ఫిట్టర్ ఫిర్యాదు కూడా అదే, అదీ ఎవరితోనో అన్నది కాదు, గ్రీజు డబ్బా మూత తీస్తూ తనలో తాను గొణిగినది: "లైట్లెలిగినాక వత్తారు బావూ. లైట్లెలిగినాక ఏటి కనిపిత్తాది?" వెలిగే దీపాల తోరణాలు అతుకులను కప్పేస్తాయన్నది నిజం. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే యంత్రం విరిగిపడి ఇద్దరు చనిపోయారు, 2022 సెప్టెంబరులో మొహాలీలో పైనుంచి దిగే యంత్రం కూలి పదిమందికి పైగా గాయపడ్డారు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ తనిఖీలు ముమ్మరమవుతాయి, కొన్నాళ్లకు చల్లబడతాయి. తనిఖీని ట్రయల్ వేళకు జరపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం ఎండలో నిలబడితే చాలు.

మనిషిని గాల్లోకి ఎత్తి తిప్పడం ఈ జిల్లాకు కొత్త కాదు. విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో యాభై అడుగులకు పైబడిన సిరిమాను కొసన ఆసనం కట్టి పూజారిని కూర్చోబెడతారు. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ మాను చింతచెట్టుది. దాన్ని మోసే ఇరుసుమానూ చింతే. చెట్టు ఏ ఊళ్లో దొరికిందో, ఎప్పుడు కొట్టారో, హుకుంపేటలో చెక్కడం ఎంతవరకు వచ్చిందో పట్టణమంతా తెలుసుకుంటుంది, పత్రికలు రాస్తాయి. ఉత్సవం నాడు అందరి కళ్లూ ఆ ఇరుసు మీదే. అక్కడ ఎక్కేది ఒక్కరు. డ్రాగన్ రైలు ఒక్క రాత్రిలో వందల మంది పిల్లలను తిప్పుతుంది, దాని ఇరుసు ఎవరు బిగించారో అడిగేవారు లేరు.

బిగించేవారి చదువు ఎక్కడా రాసి లేదు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు ఉంది గాని, మడిలో కాళ్ల మట్టం చూడటం, అతుకు చప్పుడు వినటం అందులో పాఠాలు కావు. కుర్రాడు మొదట చెక్కలు మోస్తాడు, తర్వాత పానా అందిస్తాడు, ఏళ్లు గడిచాక మట్టం చూడనిస్తారు. ఇప్పుడు కుర్రాళ్లు అంతకాలం నిలవడం లేదు. రెండు జాతరలు చేసి విశాఖ గాజువాక వైపు కంపెనీల్లో కూలికి పోతున్నారు, అక్కడ రాత్రిళ్లు పడుకోవడానికి కప్పు ఉంటుంది. ఖాళీలను ఒడిశా, బీహార్ కుర్రాళ్లతో నింపుతున్నారు. వారు పనిమంతులే. కానీ పెద్ద ఫిట్టర్ తెలుగులో తిట్టే తిట్లలోనే పాఠం ఉంది, అది వారికి సగమే అందుతుంది. ఈ పనికి రెండు నెలల శిక్షణ, ఒక గుర్తింపు కార్డు ఏర్పాటు చేయడం పరిశ్రమల శాఖకు పెద్ద ఖర్చు కాదు. ఏ యంత్రాన్ని ఎవరు బిగించారో కార్డు మీద ఉంటే, ప్రమాదం జరిగాక టిక్కెట్లు చింపే కుర్రాణ్ణి మొదట పట్టుకుపోయే పద్ధతి కూడా కొంత మారుతుంది.

జాతర ముగిసిన మర్నాడు విప్పడం మొదలవుతుంది. బిగింపు కంటే ఇది వేగంగా సాగుతుంది, ఎందుకంటే తర్వాతి మజిలీకి లారీ వేళ దగ్గరపడి ఉంటుంది. పిన్నులు పోయేది ఈ వేగంలోనే. వంచిన కాళ్లను సుత్తితో కొట్టి లాగితే కొన్ని విరిగిపోతాయి, కొన్ని వరి మోడుల్లో పడి మాయమవుతాయి. పద్ధతి తెలిసిన ఫిట్టర్ పాత పిన్నులను తిరిగి వాడడు, కొత్త పొట్లం కొనిపిస్తాడు. ఆ పొట్లం డబ్బులు యజమాని ఇస్తాడా, లేక పాతవే చక్కదిద్ది వాడమంటాడా అన్నది లారీ బయలుదేరే ముందే తేలిపోతుంది.