కుండలో చుట్టాలు

విజయనగరం నుంచి ఖద్దరుకోసం పొందూరు వెళ్ళాను. వాలుగచేప దవడతో అక్కడ పత్తి ఏకడం చూసి, పక్క ఊళ్ళో వున్న బాబయ్యగారింటికి నడిచాను. ఆయన వైద్యం మానేసి చాలాకాలమైంది. వసారా మూల కొత్తకుండకు పలచని గుడ్డ కట్టివుంది. పెరుగు కాబోలని విప్పబోయాను.

"ఆగరా! లోపల నలుగురున్నారు," అన్నారు.

చూద్దునుకదా, నాలుగు జలగలు!

జలగలు పన్నెండు రకాలనీ, వాటిలో ఆరు విషం లేనివనీ సుశ్రుతుడు చెప్పాడు. వాటిని చెరువునీరూ బురదా వేసిన కొత్తకుండలో వుంచి, రెండుమూడు రోజులకు నీరూ, ఏడు రోజులకు కుండా మార్చమన్నాడు. నేను చదివి వూరుకున్నాను. చెరువునుంచి బిందెలు మోసేది మాత్రం పిన్నిగారు. కుళాయినీళ్ళు వీటికి పడవట.

"మరి తిండో?"

బాబయ్యగారు పంచె పైకిలాగి పిక్క చూపించారు. మూడేసి చీలికల మచ్చలు! జలగకు దవడలు మూడు మరి.

"ఒకసారి కడుపు నిండితే నెలల తరబడి అడగవు. మన చుట్టాలకంటే నయం."

పిన్నిగారు నవ్వలేదు. "రక్తం తక్కువని డాక్టరు టానిక్కు రాశాడు. అదంతా వీటికే!"

తెగిన వేళ్ళు అతికించాక అక్కడ నిలిచిన రక్తం తీయడానికి 2004లో అమెరికాలో జలగలకు అనుమతిచ్చారని చెప్పాను. బాబయ్యగారు గర్వంగా ఆవిడవైపు చూశారు. ఆవిడ బియ్యం ఏరుతోంది.

బయలుదేరేముందు కుండ ఆయనే నా చేతికిచ్చారు. "గేదెలు దిగే రేవులో వదులు. పస్తుండవు."

మూడు వెంటనే జారిపోయాయి. నాలుగోదాన్ని పుల్లతో కదపవలసివచ్చింది. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది.