మోటబావి

తెలంగాణ మెట్టపల్లెలలో తెల్లవారకముందే ఎడ్లను మోటకు గట్టి, నిండిన బొక్కెన భారమును లాగుచు అవి వాలుబాటను దిగుచుండగా, మోకుపై గూర్చుండి రైతు ఎత్తుకొనిన పాట నేడు వృద్ధుల స్మృతులలో మాత్రమే నిలిచియున్నది. ఆ పాటకై నిట్టూర్చువారిలో మోట తోలినవారు, నే నెఱిగినంతవఱకు, అరుదు; తోలినవారు విద్యుత్తును వరముగనే యెంచిరి. 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల ఉచితవిద్యుత్తు లభించుటతో, అర్ధరాత్రి పాములకు వెఱచుచు మోటారు మీట నొక్కబోవు బాధయు తగ్గినది. కాని మోటకు ఎడ్ల అలసటయే హద్దు. పగలు తోడిన బావి రాత్రికి మరల ఊరెడిది. బోరుమోటారుకు అలసట లేదు గనుక, ఒకడు మున్నూఱడుగులు వేయించిన, పొరుగువాడు నన్నూఱులకు దింపును. నడుమ తాతలనాటి బావి యెండి ముండ్లకంపకు నెలవగును. ఇక అరచేత కొబ్బరికాయ నిలిపి నీటిజాడ చెప్పువానికి మాత్రము, ఇంత ఆధునికతలోను, గిరాకి తగ్గలేదు!